అడవి గోధుమలతో పని మొదలుపెడుతున్న చిన్నికి

చిన్నీ,

లూథియానాలో పీహెచ్‌డీ సీటు ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గోధుమలో వేడిని తట్టుకునే గుణం కోసం అడవి జాతులతో పని చేస్తావట. చాలా సంతోషం. ఇంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "వరి వదిలేసి ఆ చపాతీల పంట మనకెందుకు?" నేను పంజాబ్ వెళ్లేటప్పుడు మీ నానమ్మా ఇదే అంది. పట్టించుకోకు.

నువ్వు మెసేజ్‌లో అడిగింది ఒక్కటే: "పెదనాన్నా, ఏ అడవి జాతి మంచిది?" దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. పైగా మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఏ వేడి, ఎప్పుడొచ్చే వేడి, ఎంతసేపుండే వేడి అన్నది ముందు తేల్చుకో. పంజాబ్‌లో నవంబర్ మొదట్లో విత్తిన గోధుమ ఫిబ్రవరి చివరికి పూతకొస్తుంది, మార్చి అంతా గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది. ఆ మార్చిలో ఎండ ముందే ముదిరితే గింజ నిండదు, సన్నబడి ముడతలు పడుతుంది. 2022 మార్చి నీకు గుర్తుండే ఉంటుంది. 1901లో లెక్కలు మొదలైనప్పటి నుంచి దేశంలో అంత వేడి మార్చి లేదని వాతావరణ శాఖ చెప్పింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. అప్పుడు దెబ్బతిన్నది ముఖ్యంగా గింజ బరువు. అదే వేడి ఇంకాస్త ముందు, కంకి పొట్టలో ఉండి పుప్పొడి తయారయ్యే రోజుల్లో వస్తే కథ వేరు. పుప్పొడి చచ్చుబడి గింజే కట్టదు. కంకి చూడ్డానికి నిండుగానే ఉంటుంది, చేత్తో నలిపితే లోపల తాలు. ఒకదానిలో గింజల సంఖ్య తగ్గుతుంది, రెండోదానిలో గింజ బరువు తగ్గుతుంది. రెండూ "వేడి దెబ్బ" అనే ఒక్క పేరుతో చలామణి అవుతాయి కానీ వీటి వెనక ఉన్న జన్యువులు ఒకటే కానక్కర్లేదు. నీ థీసిస్ ఏ దెబ్బ గురించో ఒక వాక్యంలో రాసి టేబుల్ ముందు అంటించుకో. రాయలేకపోతున్నావంటే ఇంకా క్రాస్‌లు (సంకరాలు) మొదలుపెట్టే టైమ్ కాలేదన్నమాట.

ఇక అడవి జాతుల దగ్గరకే ఎందుకు వెళ్లాలన్న సంగతి. నువ్వు రాజేంద్రనగర్‌లో వరి మీద ఎమ్మెస్సీ చేశావు కాబట్టి రూఫిపోగాన్, నివారా అనే అడవి వరి జాతుల పేర్లు నీకు కొత్త కాదు. వరిలో ఆ పని కొంత సులువు. సాగు వరిదీ ఆ అడవి వరిదీ ఒకటే ఏఏ జీనోమ్ (క్రోమోజోముల జట్టు), క్రోమోజోములు సజావుగా జత కడతాయి. గోధుమ అలా కాదు. మనం తినే రొట్టె గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జీనోములు, 42 క్రోమోజోములు. ఇది ఎనిమిది, పది వేల ఏళ్ల కిందట కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, అప్పటికే సాగులో ఉన్న 28 క్రోమోజోముల గోధుమ మీద పక్కనే పెరిగే ఏజిలాప్స్ టౌషీ అనే గడ్డి పుప్పొడి పడి పుట్టింది. అలాంటి సంకరాలు ఏ కొద్దిసార్లో నిలిచి ఉంటాయి. అంటే టౌషీ జాతి మొత్తంలో ఉన్న వైవిధ్యంలో ఒక చిటికెడు మాత్రమే మన గోధుమలోకి వచ్చింది. మిగిలిందంతా ఇంకా ఇరాన్, అఫ్ఘనిస్తాన్, మధ్య ఆసియా కొండల్లోనూ, అక్కడి నుంచి తెచ్చి దాచిన జీన్ బ్యాంకుల్లోనూ ఉంది. టౌషీ నుంచి వచ్చిన మన గోధుమ డీ జీనోమ్‌లో వైవిధ్యం అంత ఇరుకుగా ఉండటానికి కారణం ఇదే. టౌషీతో మొదలుపెట్టమని నేననడానికీ ఇదే కారణం.

ఇప్పుడు నీ ప్రశ్నకే వద్దాం. టౌషీ కాక దాని చుట్టమైన స్పెల్టాయిడిస్ అనే అడవి గడ్డి ఉంది. పీఏయూలో (పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం) దురం అనే 28 క్రోమోజోముల గోధుమ నేపథ్యంలో దాని ముక్కలు ఎక్కించి చివరి దశ వేడి మీద మంచి పని చేశారు, ఆ లైన్లు (స్థిరపడిన సంతతులు) నీకు అందుబాటులోనే ఉంటాయి. డైకాకాయిడిస్ అనే అడవి ఎమ్మర్ గోధుమ ఉంది. 1906లో ఆరన్ ఆరన్‌సోన్ ఇప్పటి ఇజ్రాయెల్‌లోని గలిలీలో రోష్ పినా దగ్గర కనిపెట్టింది దాన్నే. పసుపు తుప్పు తెగులుకు అడ్డుపడే వైఆర్15 జన్యువు దాన్నుంచే వచ్చింది. పీఏయూ ఇచ్చిన ఉన్నత్ పీబీడబ్ల్యూ 550లో ఉన్నది ఆ జన్యువే. కానీ తుప్పు తెగులుకూ వేడికీ పెద్ద తేడా ఉంది తల్లీ. తుప్పుకు ఒక్క పెద్ద జన్యువు దొరికితే మార్కర్ (దాన్ని గుర్తుపట్టే డీఎన్ఏ ఆనవాలు) పెట్టి ఒక తరం నుంచి ఇంకో తరానికి లాక్కుపోవచ్చు, ఆకు మీద పొక్కులు ఉన్నాయా లేవా అని కంటితోనే చూడొచ్చు. వేడి తట్టుకోవడం చిన్న చిన్న జన్యువులు చాలా కలిస్తే వచ్చే గుణం. అది తుప్పు పనిలా సాగుతుందనుకుంటే రెండో ఏడాదికే నీరసం వస్తుంది.

అడవి మొక్కల్ని నేరుగా ఎండలో పెట్టి, ఏది వాడిపోలేదో చూసి దాన్ని ఎంచుకోవాలని అందరికీ అనిపిస్తుంది. నీకూ అనిపిస్తుంది. కొంతవరకు చెయ్యి, పుప్పొడి బతికి ఉందా లేదా అన్న పరీక్ష మాత్రం తప్పకుండా చెయ్యి. అయితే దాని మీదే భారం వేయకు. అడవి గడ్డి ఎండను తట్టుకునే తీరులో సగం గోధుమకు పనికిరానిదే: చిన్న ఆకు, చిన్న గింజ, ఎండ ముదరకముందే పని ముగించుకోవడం. అసలు పనికొచ్చే జన్యువు అడవి మొక్కలో పైకి కనిపించకపోవచ్చు. 1990ల్లో అమెరికా శాస్త్రవేత్త స్టీవ్ టాంక్స్‌లీ బృందం టమాటాలో దీన్ని చూపించింది. పండినా పచ్చగానే ఉండే అడవి టమాటా నుంచి, సాగు టమాటాలో ఎరుపును పెంచే జన్యుభాగాలు దొరికాయి. పైకి చూసి ఎంచుకునేవాళ్లెవరూ ఎరుపు కోసం ఆ కాయను ముట్టుకునేవారు కాదు. కాబట్టి ఒక్క 'హీరో' మొక్కను వెతక్కుండా, వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు వంశాల నుంచి వచ్చిన టౌషీలు కొన్నిటిని తీసుకుని గోధుమలోకి ఎక్కించు. పరీక్ష గోధుమ నేపథ్యంలో పెట్టు. జపాన్‌లో తొత్తోరి యూనివర్సిటీవాళ్లు చేసింది అదే. చాలా రకాల టౌషీలను దురం గోధుమతో కలిపి చేసిన సింథటిక్ గోధుమల్ని నోరిన్ 61 అనే ఒకే రకంతో క్రాస్ చేసి, వచ్చిన సంతతిని సూడాన్ ఎండల్లో పరీక్షించారు. సూడాన్‌లో గోధుమ పండే చోట చలికాలం కూడా వెచ్చగానే ఉంటుంది, అందుకే ఆ పరీక్షకు విలువ.

ఫలితం వస్తుందా అని నీకు అనుమానముంటే 2023లో వచ్చిన జెమ్మా మొలేరో, మాథ్యూ రేనాల్డ్స్, ఆంథనీ హాల్ వాళ్ల పేపర్ చదువు. మెక్సికోలో సొనోరా ఎడారి పక్కన ఒబ్రెగాన్ దగ్గర 149 గోధుమ లైన్లు వేశారు. కొన్ని మేటి రకాలు, కొన్నిటిలో అడవి జాతుల నుంచీ, మెక్సికో, ఇండియా పాత నాటు రకాల నుంచీ వచ్చిన భాగాలు. ఆలస్యంగా విత్తి ఎండకు గురిచేస్తే, అలాంటి భాగాలున్న లైన్లలో కొన్ని మేటి రకాలకంటే 50 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇచ్చాయి. మామూలు సీజన్లో వేసినప్పుడు వెనకబడలేదు కూడా. నాకు బాగా నచ్చింది ఈ రెండోదే. ఎండలో బాగుండి మంచి ఏడాదిలో దిగుబడి తగ్గే రకాన్ని ఏ రైతూ తీసుకోడు. ఆ పనిలో 6డి క్రోమోజోము మీద టౌషీ నుంచి వచ్చిన ముక్క ఒకటి తేలింది.

ఇక ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. తట్టుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు. ఆలస్యంగా విత్తిన ప్లాట్లలో ఒక లైను మిగతావాటికంటే వారం ముందే కంకి తీసిందనుకో. అది మార్చి చివరి వడగాలి రాకముందే గింజ నింపేసుకుంటుంది. కోతలయ్యాక చూస్తే దిగుబడి పట్టికలో అదే పైన ఉంటుంది. నువ్వు సంబరపడి దానికి "వేడిని తట్టుకునే లైను" అని పేరు పెడతావు. నిజానికి ఆ మొక్క వేడిని చూడనే లేదు. అడవి జాతులతో క్రాస్ చేసిన సంతతిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే కంకి తీసే రోజుల్ని మార్చే జన్యువులు అటు నుంచి బోలెడు వస్తాయి. చలి అవసరాన్ని నిర్ణయించేవి, పగటి పొడవును గుర్తించేవి, అన్నీ కలగలిసి విడిపోతాయి. తప్పించుకోవడం తప్పేమీ కాదు, రైతుకు అదీ పనికొస్తుంది. కానీ త్వరగా పూసే గోధుమ కావాలంటే ఇంత శ్రమ ఎందుకు, మన రకాల్లోనే ఉన్నాయి.

కాబట్టి ప్రతి ప్లాట్‌కూ కంకి తీసిన తేదీ, పూత తేదీ నువ్వే స్వయంగా రాయి. ఇది ఎవరికీ అప్పగించకు. లైన్లను కంకి తీసే రోజుల్ని బట్టి గుంపులుగా విడదీసి, ఒక గుంపులోవాటిని వాటిలో వాటితోనే పోల్చు. గణాంకాల్లో కంకి తేదీని లెక్కలోకి తీసుకున్నాక కూడా నీ లైను ముందుంటేనే దాని మీద ఆశ పెట్టుకో. వీలైతే విత్తే తేదీలు మూడు పెట్టు. ఆలస్యంగా విత్తడం వల్ల వేడి ఒక్కటే మారదు, పగటి పొడవు మారుతుంది, మొక్క పిలకలు వేసే కాలం తగ్గుతుంది. "లేట్ సోన్‌లో బాగుంది" అన్నంత మాత్రాన "వేడిలో బాగుంది" అని అర్థం కాదు. అందుకే సమయానికి విత్తిన ప్లాట్లలోనే కొన్నిటిని పూత అయ్యాక పాలిథీన్ గుడారం కింద వేడెక్కించి చూస్తారు. ఖర్చు ఎక్కువ, గాలి ఆడక వేరే ఇబ్బందులుంటాయి, అయినా చివరకు మిగిలిన ఆ కాసిని లైన్ల మీదైనా ఆ పరీక్ష పెట్టు.

రెండో మోసం నీళ్లది. ఎండలో వాడిన మొక్క వేడికి వాడిందా, దాహానికి వాడిందా? నీ ప్లాట్లకు తడి తగ్గిందంటే నువ్వు కొలిచేది బెట్టను. సమయానికి తడి పెట్టించు, మడి చివర దాకా నీరు అందిందో లేదో నడిచి చూసుకో. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పైరు ఉష్ణోగ్రత తీసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నీరు బాగా అందిన మొక్క ఆకుల నుంచి ఆవిరి వదిలి చల్లబడుతుంది, చల్లగా ఉన్న పైరు సాధారణంగా వేడిలో మెరుగ్గా నిలుస్తుంది. మబ్బు లేని రోజు, గాలి తక్కువగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య తీయి. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, అన్ని ప్లాట్లకూ ఒకే కోణంలో. నేల కనపడితే ఆ రీడింగ్ పనికిరాదు. ఎత్తు మొక్కలు చల్లగా, పొట్టివి వేడిగా చూపిస్తాయని మరిచిపోకు. నీ అడవి సంతతిలో ఎత్తు మొక్కలు చాలా ఉంటాయి, కాబట్టి ఎత్తు కూడా రాసుకో. రాత్రి ఉష్ణోగ్రత సంగతి చాలామంది వదిలేస్తారు. పగలు ఎంత కాసినా రాత్రి చల్లబడితే మొక్క కోలుకుంటుంది. రాత్రులూ వెచ్చగా ఉంటే పగలు కూడబెట్టిన పిండి పదార్థం శ్వాసకే ఖర్చయిపోతుంది. పొలంలో ఉష్ణోగ్రతను దానంతటదే నమోదు చేసే డేటా లాగర్ ఒకటి పెట్టు. ఊళ్లోని వాతావరణ కేంద్రం అంకెలతో సరిపెట్టుకోకు.

చేతి పని గురించి కొంచెం. టౌషీని గోధుమలోకి ఎక్కించడానికి రెండు దారులున్నాయి. దురం గోధుమను ఆడ మొక్కగా పెట్టి టౌషీ పుప్పొడి వేసి, వచ్చిన 21 క్రోమోజోముల మొక్కకు క్రోమోజోముల్ని రెట్టింపు చేసే కోల్చిసిన్ అనే రసాయనం ఇచ్చి 42 చేయడం ఒకటి. అదే సింథటిక్ గోధుమ. మెక్‌ఫాడెన్, సియర్స్ 1940ల్లోనే చేసి చూపించారు, 1980ల నుంచి మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం సిమ్మిట్‌లో ముజీబ్ కాజీ వెయ్యికి పైగా తయారుచేశారు. చైనాలో సిచువాన్‌వాళ్ల చువాన్‌మై 42 ఆ దారిలో వచ్చిందే. రెండోది, మేటి రొట్టె గోధుమ మీదే నేరుగా టౌషీ పుప్పొడి వేసి, ఆ సంకరాన్ని మళ్లీ అదే గోధుమతో బ్యాక్‌క్రాస్ చేయడం. సింథటిక్‌తో దురం తాలూకు ఏ, బీ జీనోములు కూడా కొత్తగా వస్తాయి. కొన్నిసార్లు అది లాభం, చాలాసార్లు తలనొప్పి. నేరు దారిలో ఏ, బీలు చెక్కుచెదరవు, డీలో మాత్రమే మార్పు వస్తుంది. నీకున్న మూడు నాలుగేళ్లలో నేనైతే నేరు దారినే పట్టమంటాను. మీ గైడ్ దగ్గర రెడీగా ఉన్న సింథటిక్‌లు ఉంటే మాత్రం వాటినే వాడు. మొదటి నుంచీ చేశానన్న గొప్ప కోసం ఏడాది పోగొట్టుకోవద్దు.

ఏ దారైనా టౌషీ మొక్కలకు చలి కావాలి. మొలకల్ని ఆరేడు వారాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉంచకపోతే చాలా వాటికి కంకే రాదు, వచ్చినా నీ గోధుమ పూత అయిపోయాక వస్తుంది. రెండిటి పూతా కలవడానికి గోధుమను పది పన్నెండు రోజుల తేడాతో విడతలుగా విత్తుకో. కంకి పొట్టలోంచి సగం బయటికొచ్చినప్పుడే కేసరాలు తీసేయాలి, పువ్వుకు మూడు, పచ్చగా ఉండగానే. ఒక్కటి మిగిలినా సొంత పుప్పొడితో గింజ కడుతుంది, నువ్వు దాన్ని సంకరం అనుకుంటావు. రెండు, నాలుగు రోజులకు పుప్పొడి వేసి, బటర్ పేపర్ సంచి తొడిగి, తేదీ పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా పొగమంచుకు చెరిగిపోతుంది. గింజ ఉబ్బినట్టు కనిపించినా లోపల నీళ్లే ఉంటాయి, పిండానికి ఆహారమిచ్చే ఎండోస్పెర్మ్ సరిగా పెరగదు. రెండు వారాలు దాటాక పిండాన్ని తీసి మీడియం మీద పెంచాలి. పిండం చేతికొచ్చే ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు, ఆ టెన్షన్ అందరికీ ఉంటుంది. మొలిచిన మొక్క ఆకులు పసుపెక్కి ఎండిపోతే మీడియంనో నీ చేతినో అనుమానించకు. కొన్ని జంటలకు సంకరం పొసగక ఆకు మాడిపోతుంది, ఆ జంటను వదిలి ఇంకోటి చూసుకో. కోల్చిసిన్ విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, "ఏం కాదు మేడమ్" అని ఎవరన్నా సరే.

వేళ్ల కొసల్లో క్రోమోజోములు లెక్కపెట్టడం నేర్చుకో. ఇప్పటి పిల్లలు సీక్వెన్సింగ్‌కు పంపేసి రిపోర్టు కోసం చూస్తుంటారు. ఆ రిపోర్టు వచ్చేలోపు సీజన్ గడిచిపోతుంది. మైక్రోస్కోప్ కింద 42 ఉన్నాయా 41 ఉన్నాయా అన్నది మరుసటి రోజుకల్లా తేలుతుంది.

స్పెల్టాయిడిస్ జోలికి వెళ్లేట్టయితే పీహెచ్1 అనే జన్యువు సంగతి గట్టిగా చదువు. గోధుమ 5బి క్రోమోజోము మీద ఉన్న ఆ కాపలాదారు వల్లే దగ్గరి చుట్టరికం ఉన్న క్రోమోజోములు కూడా ఒకదానితో ఒకటి జత కట్టవు. 1958లో రైలీ, చాప్‌మన్ ఒకవైపు, సియర్స్, ఒకమోటో ఇంకోవైపు దీన్ని బయటపెట్టారు. ఆ కాపలా సడలిస్తేనే స్పెల్టాయిడిస్ ముక్క గోధుమలోకి మారుతుంది. ఆ తర్వాత సియర్స్ తయారుచేసిన, ఆ జన్యువు లోపించిన పీహెచ్1బి లైను వాడొచ్చు. లేదా కొన్ని స్పెల్టాయిడిస్ మొక్కల్లోనే ఆ కాపలాను అణచే గుణం ఉంటుంది, అదీ వాడొచ్చు. అక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ జాతి క్రోమోజోముల్లో కొన్ని తాము లేని పుప్పొడినీ అండాలనూ చెడగొట్టి, తామే నిలిచేలా చూసుకుంటాయి. బ్యాక్‌క్రాస్ చేసినా ఒక ముక్క ఎంతకీ పోవడం లేదంటే అది నీ అదృష్టం అనుకోకు, దీన్ని అనుమానించు.

ముక్క వచ్చాక అసలు విసుగు మొదలవుతుంది. కావలసిన జన్యువు ఒక్కటే రాదు. పెళ్లికూతురితో పాటు వచ్చిన చుట్టాలు నెల దాటినా కదలనట్టు, పక్కనున్నవన్నీ తిష్ట వేస్తాయి. కంకి ముట్టుకుంటే విరిగి రాలిపోతుంది. పొట్టు గింజను వదలదు, నూర్పిడి కాదు. మొక్క ఎత్తుగా పెరిగి పడిపోతుంది. మొదటి బ్యాక్‌క్రాస్ సంతతిలో దిగుబడి చూడకు, ఊరికే నిరాశ. నూర్పిడి అయ్యేవి, రాలనివి, నిలబడేవి ఏరుకుంటే చాలు. రెండు బ్యాక్‌క్రాస్‌లు సాధారణంగా సరిపోతాయి. ఇంకా చేస్తూ పోతే అడవి భాగంతో పాటు నువ్వు వెతికేదీ కొట్టుకుపోతుంది. ఎన్ని తరాలు అన్నదానికంటే ఒక్కో తరంలో ఎన్ని మొక్కలు పెంచావన్నది ముఖ్యం. తక్కువ మొక్కలుంటే జన్యువుకూ చెడ్డ పొరుగుకూ మధ్య తెగిన మొక్క నీ కంట పడదు.

వేసవిలో లాహౌల్ లోయలో కీలాంగ్‌లో రెండో పంట తీసుకోవచ్చు, పీఏయూవాళ్లకు అక్కడ ఏర్పాటు ఉంది. తరం ముందుకు జరపడానికే అది పనికొస్తుంది. అక్కడి చల్లటి వేసవిలో వేడి గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

అడవి విత్తనం కాగితాల పని మొదటి నెలలోనే చూసుకో. విదేశీ జీన్ బ్యాంకు నుంచి తెప్పిస్తే ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్ ద్వారా అనుమతి, క్వారంటైన్ తప్పవు. సీజన్ కోసం అది ఆగదు, సీజనే దాని కోసం ఆగాలి. వచ్చిన విత్తనం అంతా ఒకే రకం అనుకోకు, ఒక్క మొక్క నుంచి విత్తనం తీసి విడిగా పెంచుకున్నాకే వాడు. నంబర్ ప్లేటు మీద అక్సెషన్ నంబరు (జీన్ బ్యాంకు ఆ విత్తనానికి ఇచ్చిన నంబరు) పూర్తిగా రాయి, ముద్దుపేర్లు వద్దు. టౌషీని కుండీల్లో పెంచు, పండే ముందే కంకులకు సంచులు కట్టు. రాలిన గింజ వచ్చే ఏడాది గోధుమ మధ్య మొలిస్తే ఏరడం చాలా కష్టం. దీని చుట్టం ఏజిలాప్స్ సిలిండ్రికా అమెరికా గోధుమ పొలాల్లో పెద్ద కలుపు. ఇక నీ లైన్ల విత్తనం కనీసం రెండు చోట్ల ఉండాలి. సిరియాలో యుద్ధం వచ్చి అలెప్పో దగ్గరి ఇకార్డా అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ జీన్ బ్యాంకుకు వెళ్లే దారి లేకపోయినా, నార్వేలోని స్వాల్బార్డ్ విత్తన ఖజానాలో దాచిన నకళ్లను 2015లో వెనక్కి తెచ్చుకుని లెబనాన్, మొరాకోలలో మళ్లీ పెంచుకోగలిగారు. నీ ఫ్రిజ్ పాడైపోవడానికి యుద్ధం అక్కర్లేదు, పంజాబ్ జూన్‌లో రెండు రోజుల కరెంటు కోత చాలు.

థీసిస్ అయిపోగానే లైన్లు అల్మారాలో పడిపోవడం ఈ రంగానికి పట్టిన జబ్బు. అడవి జాతుల మీద పనిచేసేవాళ్లూ రకాలు విడుదల చేసే బ్రీడర్లూ ఒకే క్యాంపస్‌లో ఉండి కూడా మాట్లాడుకోరు. బ్రీడర్‌కు నీ క్యూటీఎల్ గ్రాఫ్ (గుణాన్ని నడిపే జన్యుభాగం ఏ క్రోమోజోము మీద ఎక్కడుందో చూపే గ్రాఫ్) అక్కర్లేదు. ఆయన అడిగేవి వేరు: నూర్పిడి అవుతుందా, తుప్పు తట్టుకుంటుందా, రొట్టె బాగుంటుందా, మంచి ఏడాదిలో ఎంత పండుతుంది. అందుకే బ్యాక్‌క్రాస్‌కు ఎంచుకునే గోధుమ పరిశోధనశాలల్లో వాడే పాత ఛైనీస్ స్ప్రింగ్ రకం కాకుండా, ఇప్పుడు రైతుల దగ్గరున్న రకం అయ్యేలా చూసుకో. అది ఏదైతే బాగుంటుందో బ్రీడర్‌నే అడుగు. ఆయన చెప్పిన రకంలోనే నువ్వు ముక్క ఎక్కిస్తే తర్వాత తప్పించుకోలేడు. రెండో ఏడాది నుంచే మార్చిలో ఒకసారి నీ ప్లాట్లు చూపించు. ఏరుకున్న లైన్లతో పాటు పక్కన పెట్టినవీ జాగ్రత్తగా జీన్ బ్యాంకుకు ఇవ్వు. ఫ్రాన్స్‌లో గోధుమ మొదలు కుళ్లు తెగులు కోసం ఏజిలాప్స్ వెంట్రికోసాతో చేసిన క్రాస్‌ల నుంచి 2ఎన్ఎస్ అనే ముక్క గోధుమలోకి వచ్చింది. తుప్పు తెగుళ్లకు పనికొస్తుందని దాన్ని అందరూ వాడుకున్నారు. దశాబ్దాల తర్వాత 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమ బ్లాస్ట్ తెగులు వచ్చి పొలాలు తగలబెట్టాల్సి వచ్చినప్పుడు, తట్టుకున్న రకాల్లో ఉన్నది ఆ ముక్కే.

పొలంలో పనిచేసే బేల్దార్లతో మర్యాదగా ఉండు. పంజాబీ కాస్త నేర్చుకో. నీ ప్లాట్లలో కంకి ఎప్పుడు తీస్తుందో, ఏ మడిలో నీరు నిలుస్తుందో వాళ్లకు తెలిసినంత నీ గైడ్‌కు కూడా తెలియదు. డిసెంబర్, జనవరి పొగమంచుకు ఇక్కడి స్వెటర్ చాలదు, అక్కడికెళ్లాకే కొనుక్కో. ఆవకాయ మీ పెద్దమ్మ పార్సిల్ చేస్తోంది.

ఇది అక్టోబర్. ఈ వారంలోనే మీ గైడ్‌ను అడిగి టౌషీ విత్తనం తీసి మొలకెత్తించు, మొలకల్ని చలిలో పెట్టు. నవంబర్‌లో మొదలుపెడితే ఈ సీజన్ పోయినట్టే. మొలకెత్తినవాటి జాబితా, అక్సెషన్ నంబర్లతో, నాకు వాట్సాప్‌లో పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న